లీవు అయిపోయేలోపు ఇంట్లో ఏమేం అప్పజెప్పాలి?

(ప్రసూతి సెలవు ముగించుకుని ఉద్యోగాల్లో తిరిగి చేరబోతున్న తల్లులకు, వాళ్లతో వచ్చిన కుటుంబసభ్యులకు హైదరాబాద్‌లో ఇచ్చిన ప్రసంగ పాఠం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు మొహమాటపడకండి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, పాలు పట్టాలంటే అక్కడే కూర్చుని పట్టండి. భర్తలు, అత్తగార్లు కూడా వచ్చారు, సంతోషం. నేను చెప్పబోయేదాంట్లో సగం మీకోసమే.

లీవు అయిపోతోందంటే ఇంట్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: పిల్లాణ్ణి ఎవరు చూస్తారు? నానమ్మ అనో, ఆయా అనో, క్రెష్ అనో ఒక పేరు తేలగానే హమ్మయ్య అనుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. పాలు ఎంత పట్టాలి, ఎలా వెచ్చబెట్టాలి, జ్వరం మందు ఎన్ని ఎంఎల్ పోయాలి, ఏ ఏడుపు ఆకలిది, ఏ ఏడుపు నిద్రది? ఆ చూసే మనిషికి ఇవేవీ తెలీవు. నెలల తరబడి అన్నీ తల్లి బుర్రలోనే ఉన్నాయి. ఆఫీసులో ఒకరు బదిలీ అయితే ఫైళ్లు, తాళాలు, పెండింగ్ పనులు కాగితం మీద పెట్టి మరీ చార్జ్ అప్పగిస్తారు. ఇంట్లో మాత్రం "అన్నీ చూసుకోండత్తయ్యా" అని చెప్పులేసుకుని వెళ్లిపోతాం. పన్నెండింటికి ఫోన్ మోగుతుంది, మీటింగ్‌లో తీయలేం, మళ్లీ మోగుతుంది.

చట్టం సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పది మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ఇది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ 2020లోనూ ఇవే నిబంధనలు ఉన్నాయి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, భోజన విరామం కాక, రోజుకు రెండు నర్సింగ్ బ్రేకులు, అంటే బిడ్డ పాల కోసం విరామాలు, ఇవ్వాలి. 50 మంది, ఆపైన ఉంటే క్రెష్ సదుపాయం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ఈ బ్రేకుల సంగతి తెలీని హెచ్చార్ వాళ్లు చాలామందే ఉన్నారు. చేరడానికి నెల ముందే మెయిల్ పెట్టండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పోతుంది. మెయిల్‌లో నాలుగు విషయాలు అడగండి: బ్రేకుల టైములు, లోపల గడియ ఉన్న గది, కుర్చీ పక్కన ప్లగ్ పాయింట్, ఫ్రిజ్‌లో ఒక అర. బాత్రూంలో పాలు తీసుకోమంటే ఒప్పుకోకండి. మన అన్నం మనం అక్కడ వండుకోం కదా.

ఒక లెక్క చాలామంది గమనించరు. 26 వారాల్లో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్నవాళ్లు తిరిగి చేరేనాటికి బిడ్డకు 18 వారాలే, అంటే నాలుగు నెలలు దాటి కొన్ని రోజులు. చివరి వారం దాకా డ్యూటీ చేసినవాళ్లకు దాదాపు ఆరు నెలల బిడ్డ. ఆరు నెలలు నిండేదాకా పాలే ఆహారం, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. కాబట్టి మొదటి రకం తల్లికి దాదాపు రెండు నెలలు నిల్వపాల మీదే నడవాలి. పక్కింటావిడ ఏం చేసిందో చూసి మీ ఏర్పాట్లు చేసుకోకండి, ఆవిడ లెక్క వేరు, మీ లెక్క వేరు.

ఇక పాలు. దీనికే ఎక్కువ సేపు తీసుకుంటాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

తల్లిపాలు తాగే బిడ్డకు నెల దాటాక ఆరు నెలల దాకా రోజుకు సగటున 750 ఎంఎల్ పడతాయి. గంటకు 30 ఎంఎల్ చొప్పున వేసుకోండి. ఎనిమిది గంటల డ్యూటీ, రెండు గంటల ప్రయాణం, మొత్తం పది గంటలకు 300 ఎంఎల్. కొందరు పిల్లలకు ఇంకో వంద కావాలి. డబ్బాపాలు తాగే పిల్లల లెక్క చూసి "ఒక్కసారికి 180 తాగాలట" అని కంగారుపడే ఇళ్లు ఎన్నో. తల్లిపాలకు ఆ లెక్క సరిపోదు. 60 నుంచి 90 ఎంఎల్ చొప్పున చిన్న చిన్న డబ్బాల్లో పెట్టండి. పెద్ద సీసాలో 200 పోసి పెడితే బిడ్డ 70 తాగి పడుకుంటుంది, మిగతా 130 పారబోయాల్సిందే. ఎంగిలి పడ్డ పాలు రెండు గంటలు దాటితే పనికిరావు, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. కష్టపడి తీసిన పాలు పారబోయడానికి ఏ నానమ్మకూ చేతులు రావు, తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది. ఆవిడది తప్పు కాదు. మీ డబ్బా పెద్దది.

డ్యూటీకి రెండు మూడు వారాల ముందు నుంచి పాలు తీయడం అలవాటు చేసుకోండి. పొద్దున మొదటిసారి బిడ్డకు పట్టిన అరగంటకో గంటకో తీస్తే కాస్త ఎక్కువ వస్తాయి. మొదట్లో 20, 30 ఎంఎల్ వస్తే హడలిపోకండి. బిడ్డ లాగినంత బాగా ఏ మిషనూ లాగలేదు, బిడ్డ తాగేశాక మిగిలిందే అది. చేరాక మూడు గంటలకోసారి, రెండు వైపులా కలిపి ఇరవై నిమిషాలు. చేత్తో తీసేటట్లయితే బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, నల్లటి భాగం అంచుకు కాస్త వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి చేర్చి వదలాలి. చర్మం మీద వేళ్లు జార్చి పిండితే ఎర్రగా కందిపోవడం తప్ప పాలు రావు.

పాలు తీసే పంపు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. రెండు నెలలు బాగా వచ్చి ఉన్నట్టుండి సగానికి పడిపోతే "పాలు ఎండిపోయాయి" అని డబ్బాపాలకు వెళ్లిపోతారు. ముందు పంపు విప్పి చూడండి. సీసా మూతి దగ్గర మెత్తటి సిలికాన్ వాల్వ్ ఒకటి ఉంటుంది, బాతు ముక్కులా. బ్రష్షు పెట్టి తోమీ తోమీ దాని చీలిక సాగిపోతుంది, లేదా సన్నగా చిరుగుతుంది. మిషను శబ్దం మామూలుగానే ఉంటుంది, లాగుడు మాత్రం ఉండదు. ఆ వాల్వ్ విడిగా దొరుకుతుంది, ఒకటి ఎక్స్‌ట్రా బ్యాగులో పెట్టుకోండి. రెండో కారణం గరాటు సైజు. పెట్టెలో వచ్చిన గరాటు అందరికీ సరిపోదు. చనుమొన పక్కలకు రాసుకుంటూ మంట పుడుతుంటే చిన్నదైందని, నల్లటి భాగం కూడా చాలా వరకు లోపలికి వెళ్తుంటే పెద్దదైందని అర్థం. మోటారుకు వెళ్లే సన్న ట్యూబు కడగకండి. నీళ్లు చేరితే బూజు పడుతుంది. పాలు తగిలే భాగాలు ప్రతిసారీ సబ్బునీళ్లతో కడిగి, రోజుకోసారి ఐదు నిమిషాలు మరిగించండి.

నిల్వ సంగతి. గది వాతావరణంలో నాలుగు గంటలు ఉంటాయని చదివి ఉంటారు. ఆ మాట 25 డిగ్రీల గదికి. మన ఏప్రిల్, మే నెలల్లో వంటింటి గట్టు మీద అంత చల్లదనం ఎక్కడిది? ఎండాకాలంలో ఆ నాలుగు గంటలు లేవనే అనుకుని తీసిన వెంటనే చల్లదనంలో పెట్టండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, తలుపు అరలో కాకుండా వెనక గోడకు దగ్గరగా పెడితే. రెండు తలుపుల ఫ్రిజ్ ఫ్రీజర్‌లో ఆరు నెలలు ఉంటాయి. ఒకే తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఐస్ అరను రెండు వారాలకు మించి నమ్మకండి, తలుపు తీసిన ప్రతిసారీ అది వేడెక్కుతుంది. ఆఫీసు నుంచి ఇంటికి గడ్డకట్టిన ఐస్ ప్యాకులున్న బ్యాగులో తేవచ్చు, అలా 24 గంటల దాకా ఫర్వాలేదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. ప్రతి డబ్బా మీద తేదీ రాయండి, పాతవి ముందు వాడాలి. ఫ్రిజ్‌లో చల్లబడ్డ పాలలో అప్పుడే తీసిన వెచ్చటి పాలు కలపకండి, ఇవీ చల్లబడ్డాకే కలపాలి. ఫ్రీజర్ పాలను రాత్రే కింది అరలోకి దించితే తెల్లారేసరికి కరిగిపోతాయి. పూర్తిగా కరిగాక 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు.

వెచ్చబెట్టడం మాత్రం చూసే మనిషికి చేసి చూపించాల్సిందే, చెబితే చాలదు. మన ఇళ్లల్లో పాలంటే పొయ్యి మీద పెట్టి పొంగించడమే. తల్లిపాలను పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. గిన్నెలో వేడినీళ్లు తీసుకుని, పాల డబ్బాను అందులో ఐదు నిమిషాలు నిలబెట్టాలి. పైన తేరిన మీగడ కలిసేలా మెల్లగా తిప్పి, ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని చూడాలి. మీగడ విడిపోతే విరిగిపోయాయని పారబోసినవాళ్లున్నారు. అవి విరగలేదు, తేరుకున్నాయంతే. కొందరి పాలకు నిల్వలో సబ్బు వాసన లాంటిది వస్తుంది, అదీ చెడిపోవడం కాదు.

సీసా వద్దనుకుంటే ఉగ్గుగిన్నె చాలు. సీసా కన్నా తోమడం తేలిక, చూసేవాళ్లకు ఎంత తాగిందో కనిపిస్తుంది. కానీ పాత పద్ధతిలో కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోయకూడదు. పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేదాకా వంచి ఆపాలి. బిడ్డే నాలుకతో లాక్కుంటుంది. మీరు పోయకూడదు, అది తీసుకోవాలి. ఇదంతా తల్లి ఇంట్లో లేనప్పుడే అలవాటు చేయాలి. తల్లి వాసన తగులుతుంటే ఏ బిడ్డా గిన్నె ముట్టదు. మీరు గంటసేపు బయటికి వెళ్లండి, ఆయన పట్టిస్తారు.

ఆరు నెలలు నిండాక తిండి. ఇది చెప్పినా చెప్పకపోయినా ప్రతి ఇంట్లో ఒక పద్ధతి ఉంటుంది కాబట్టి త్వరగా చెప్తాను. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి, ఎండబెట్టి, దోరగా వేయించి, సన్న రవ్వలా పట్టించుకుంటే గాలి చొరబడని డబ్బాలో నెల ఉంటుంది. ఉడికించి అర చెంచా నెయ్యి వేయాలి. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి. జావలా పలుచగా చేస్తే పొట్ట నీళ్లతోనే నిండుతుంది, ఒంటికి పట్టదు. మొదట రెండు మూడు చెంచాలు రోజుకు రెండుసార్లు, పోనుపోను ఎనిమిదో నెలకు అర కప్పు చొప్పున మూడుసార్లు. ఏడాది లోపు తేనె వద్దు, ఉప్పూ చక్కెరా అక్కర్లేదు. పాలలో బిస్కెట్టు నానబెట్టి పెట్టడం తిండి కాదని ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఇది గొడవ పెట్టుకోవాల్సిన విషయం కాదు గానీ, మాట్లాడుకోవాల్సిన విషయం.

ఇప్పుడు చూసే మనిషి. నానమ్మో అమ్మమ్మో ఉంటే అదృష్టమే, కాదనను. కానీ తొమ్మిది నెలల బిడ్డ ఎనిమిది తొమ్మిది కిలోలుంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజుకు పాతికసార్లు నేల మీంచి ఆ బరువు లేపాలి. ఆవిడకు బీపీ మాత్ర టైముకు వేసుకునే తీరిక ఉందా, మధ్యాహ్నం గంట నడుం వాల్చే వీలుందా? ఎవరూ అడగరు. డైపర్ మార్చేందుకు మంచం ఎత్తున ఒక చోటు ఏర్పాటు చేయండి, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు పనిమనిషిని పెట్టండి. ఆదివారం ఆవిడకు పూర్తి సెలవు, అదీ నోటిమాటకు కాదు, నిజంగా. ఇంకోటి, అమ్మమ్మ సంక్రాంతికి ఊరెళ్తే వారంలో వచ్చేయదు. అక్కడ ఆవిడకూ ఒక ఇల్లుంది, ఒక ముసలాయన ఉన్నాడు. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎవరుంటారో క్యాలెండర్ మీద రాసుకుని, మధ్యలో ఖాళీ వారాలు ఇప్పుడే చూసుకోండి.

ఆయా అయితే మీ లీవు చివరి పదిహేను రోజులు ఆమె పనిలో ఉండాలి. మొదటి ఐదు రోజులు మీరు చేస్తుంటే ఆమె చూడటం, తర్వాత ఆమె చేస్తుంటే మీరు చూడటం, ఆఖర్న మీరు రెండేసి గంటలు బయటికి వెళ్లడం. ఆ ఆఖరి దశ చాలామంది వదిలేస్తారు. తల్లి ఇంట్లో ఉన్నంతసేపూ ఆయా ఏమిటో తెలీదు. క్రెష్ అయితే చెప్పకుండా సాయంత్రం నాలుగింటికి వెళ్లండి. పొద్దున అన్ని క్రెష్‌లూ బాగానే ఉంటాయి, సాయంత్రానికి మనుషులు అలిసిపోతారు. ఏడాది లోపు పిల్లలు ముగ్గురు నలుగురి కంటే ఎక్కువ ఒక మనిషి చేతిలో ఉంటే నేనైతే వద్దంటాను. పాలడబ్బాల మీద ఎవరి పేరు వాళ్లకు రాసి ఉందా, పిల్లల్ని పడుకోబెట్టే గదిలో టీవీ ఉందా, వంటింటికి గడపలో అడ్డం ఉందా చూడండి. ఫారంలో మొదటి ఫోన్ నంబరు తండ్రిది రాయండి. ఎవరికీ తోచని పని ఇది. తల్లి నంబరు మొదట ఉంటే, తండ్రి ఖాళీగా ఉన్న రోజు కూడా ఫోన్ తల్లికే వస్తుంది.

ఇక్కడ తండ్రులతో ఒక మాట. 2024 జాతీయ టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు, ఇంటిపని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. చేసేవాళ్ల సగటే ఇది, చేయనివాళ్లు ఈ లెక్కలోకే రారు. "ఏం కావాలో చెప్పు, తెచ్చిపెడతా" అంటారు చూశారా, ఆ చెప్పడమే సగం పని. ఒక పని తీసుకుంటే మొదలు నుంచి చివరి దాకా మీదే. డైపర్లు మీవైతే ప్యాకెట్లో ఎన్ని మిగిలాయో చూడటం మీదే, సైజు మారిందని గమనించడం మీదే, క్రెష్ బ్యాగులో రోజూ ఐదు సర్దడం మీదే. టీకాలు మీవైతే కార్డు మీ దగ్గర ఉండాలి, తేదీ మీ ఫోన్లో ఉండాలి. ఇలాంటివి నాలుగు పనులు పూర్తిగా తీసుకుంటే, పది పనుల్లో సాయం చేసినదానికన్నా ఎక్కువ.

పెద్ద పిల్ల కూడా ఉన్న ఇళ్లల్లో పొద్దున్న టిఫిన్, లంచ్ బాక్స్ గొడవ. వారానికి సరిపడా పిండి ఆదివారం రుబ్బుకోవడం అందరూ చేసేదే. గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, రవ్వను కడిగి గట్టిగా పిండి కలపాలి. పిండి పులిశాక గరిటె పెట్టి గట్టిగా కలియబెట్టేస్తే గాలి పోయి గట్టి ఇడ్లీలు వస్తాయి. రెండు డబ్బాల్లో సర్ది, ఒకటి తెరవకుండా ఫ్రిజ్ అడుగున పెట్టండి, తడి గరిటె తగలనివ్వకండి. చలికాలంలో రాత్రంతా ఉంచినా పులవకపోతే, వెలిగించని ఓవెన్‌లోనో, వేడినీళ్ల గిన్నె పక్కనో మూతపెట్టి ఉంచండి. నాలుగో రోజుకు పులుపెక్కిన పిండితో ఇడ్లీ వేసి పిల్లల చేత తిట్లు తినొద్దు. మందపాటి మూకుడులో నూనె వేసి దిబ్బరొట్టె వేయండి, మూతపెట్టి సన్నసెగ మీద పావుగంట. పెరట్లో గిన్నెలు తోమినంతసేపు దాని జోలికి వెళ్లక్కర్లేదు.

పెరుగన్నం బాక్సులో పెడితే పన్నెండింటికి పులిసిపోయి పిల్లలు తినరు. దీనికో ఉపాయముంది. మెత్తగా ఉడికిన అన్నం కప్పు మెదిపి, కాచి చల్లార్చిన గోరువెచ్చటి పాలు ముప్పావు కప్పు పోసి, ఒకే ఒక్క టీస్పూన్ పెరుగు కలిపి బాక్సు మూయండి. లంచ్ టైముకు అదే తోడుకుని కమ్మగా ఉంటుంది. అన్నం వేలు పెడితే చురుక్కుమనే వేడిలో ఉండగా పెరుగు కలిపితే తోడుకోదు, పాలు విరిగి నీళ్లు తేలతాయి. ఎండాకాలం తోడు అర స్పూన్ చాలు. పప్పన్నం పెట్టేట్లయితే ఇంట్లో తినేదానికన్నా జారుగా కలపండి, నాలుగు గంటల్లో గడ్డకడుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లల బాక్సులో గుండ్రటి ద్రాక్షపళ్లు, పల్లీలు, బఠానీలు పెట్టకండి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి, పల్లీలు పొడి చేసి వేయాలి.

చివరగా జ్వరం. ఇక్కడ కాగితం, పెన్సిల్ లేకపోతే ప్రమాదం. పారాసిటమాల్ మోతాదు బిడ్డ వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 100 నుంచి 150 మిల్లీగ్రాములు. అదే మందు షాపులో మూడు రూపాల్లో ఉంటుంది: చుక్కల సీసాలో ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు, ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కు దాదాపు 125, ఇంకో సిరప్‌లో 5 ఎంఎల్‌కు 250. "జ్వరం మందు ఐదు ఎంఎల్ పొయ్యండి" అని ఫోన్లో చెప్తారు మీరు. ఇంట్లో ఉన్నది చుక్కల సీసా అయితే ఏమవుతుందో లెక్కేసుకోండి. అందుకని ఇంట్లో ఒకే రకం ఉంచండి. సీసాకు తెల్ల ప్లాస్టర్ అంటించి, దాని మీద బిడ్డ బరువు, డాక్టర్ చెప్పిన ఎంఎల్, తేదీ రాయండి. రెండు నెలలకోసారి బరువు తూచి మార్చండి. కొలవడానికి సిరంజి వాడండి, వంటింటి చెంచాలన్నీ ఒక్క సైజు కావు.

రెండో ప్రమాదం రెండుసార్లు పోయడం. తండ్రి ఏడున్నరకు పోసి ఆఫీసుకు వెళ్తాడు, నానమ్మ ఎనిమిదింటికి ఒళ్లు కాలుతోందని మళ్లీ పోస్తుంది. డోసుకు డోసుకు మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజుకు నాలుగు డోసులు దాటకూడదు. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం, దారంతో కట్టిన పెన్సిల్. దాని మీద గడులు: టైము, పాలు లేదా తిండి, ఎంత, మూత్రం, నిద్ర, మందు, పోసింది ఎవరు. రాయడం రాని పెద్దావిడ అయితే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి, "మందు పోశాను" అన్న రెండు మాటలు చాలు, టైము దానంతటదే పడుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే ఇంటి మందుతో ఆగకుండా డాక్టర్ దగ్గరికే. ఏ వయసులోనైనా పాలు తాగకపోతే, మత్తుగా పడి ఉంటే, డొక్కలు ఎగరేస్తుంటే, ఫిట్స్ వస్తే, ఏడెనిమిది గంటలుగా మూత్రం పోయకపోతే ఆఫీసు ముగిసేదాకా ఆగకండి.

విరేచనాలకు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు, చిన్నది 200 ఎంఎల్‌కు, ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది. సగం ప్యాకెట్టు గ్లాసులో కలిపే అలవాటు మానండి, చిక్కగా అయితే విరేచనాలు పెరుగుతాయి. కలిపినది 24 గంటలయ్యాక పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 ఎంఎల్, చెంచాతో. షాపులో అడిగితే తియ్యటి డ్రింకుల అట్టపెట్టెలు ఇచ్చేవాళ్లు, పైన ఓఆర్ఎస్ అని ఉండేది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఇప్పుడే కొని పెట్టుకోండి, రాత్రి పదకొండింటికి వెతుక్కోవద్దు.

ఇంక ప్రశ్నలడగండి.

ప్రశ్న: మా పాప పగలు నిల్వపాలు సరిగ్గా తాగదు, నేనొచ్చాక రాత్రంతా తాగుతూనే ఉంటుంది. ఏదైనా లోపమా?

లోపం కాదమ్మా. కొందరు పిల్లలు పగలు ఆకలి తీరేంతవరకే తాగి, తల్లి వచ్చాక మిగతాది రాబట్టుకుంటారు. బరువు పెరుగుతోందా, రోజుకు ఆరు డైపర్లయినా తడుస్తున్నాయా చూడండి. అవి బాగుంటే పాపకు ఇబ్బంది లేదు, ఇబ్బంది మీ నిద్రకు. సాయంత్రం రాగానే చీర మార్చుకునే లోపే ఒకసారి పట్టండి, పడుకునే ముందు ఇంకోసారి. వంట ఆ రెండింటి మధ్యకు రానివ్వకండి, అది ఇంకొకరు చేయాలి. తెల్లవారుజాము నాలుగు నుంచి పాపను ఎత్తుకుని తిప్పే పని ఆయనది.

ప్రశ్న: గవర్నమెంటు టీచర్ని. చైల్డ్ కేర్ లీవు ఒకేసారి వాడేయొచ్చా?

తెలంగాణలో 90 రోజులు, ఆంధ్రప్రదేశ్‌లో 180 రోజులు ఉంది, కానీ విడతలుగా వాడుకోవాలి. కేంద్ర ఉద్యోగులకు 730 రోజులు. ఇప్పుడే ఖర్చుపెట్టేయకండి. క్రెష్‌లోనో ప్రీస్కూల్లోనో వేసిన మొదటి ఏడాది నెలకోసారి జలుబో దగ్గో వస్తూనే ఉంటుంది, అప్పుడు కావాలి. పిల్లకు ఒంట్లో బాలేని మొదటి రోజు మీరు, రెండో రోజు ఆయన లీవు పెట్టేలా ఇప్పుడే మాట్లాడుకోండి. జ్వరం వచ్చిన పొద్దున ఆ చర్చ మొదలుపెడితే ఎవరి మీటింగ్ ముఖ్యమన్న దగ్గర ఆగుతుంది.

ప్రశ్న: ఏ రోజు చేరితే మంచిది? మావాళ్లు సోమవారమే అంటున్నారు.

వీలైతే గురువారం చేరండి. రెండు రోజులు వెళ్లగానే శని, ఆదివారాలు వస్తాయి. ఏది అప్పజెప్పడం మరిచిపోయారో ఆ రెండు రోజుల్లో తేలిపోతుంది, సర్దుకోవడానికి రెండు రోజులు దొరుకుతాయి.

ప్రశ్న: తొమ్మిదో నెల టీకాకు లీవు పెట్టాలంటే ముందు రోజా, తర్వాతి రోజా?

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు జ్వరం ఆ రాత్రో మర్నాడో వస్తుంది, అవి మీ లీవులోనే అయిపోయి ఉంటాయి. తొమ్మిది నెలలకు వేసే మీజిల్స్ రుబెల్లా టీకా అలా కాదు. వేయించిన రోజు పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు. జ్వరం, ఒంటి మీద సన్నటి దద్దుర్లు వస్తే వారం నుంచి పన్నెండు రోజుల మధ్యలో వస్తాయి. అప్పటికి టీకా సంగతే మరిచిపోయి ఉంటారు, క్రెష్ వాళ్లు ఏదో అంటుకుందని ఇంటికి పంపేస్తారు. టీకా బుధవారమో శనివారమో వేయించి, క్రెష్ వాళ్లకు ఆ తేదీ రాసివ్వండి. ఆ తర్వాతి వారం మీ ఇద్దరిలో ఎవరూ ఊరికి ప్రయాణం పెట్టుకోకండి.